ర్యూజో విమానాలు మా ఊరి మీదికి వచ్చిన సంగతి

ఆదివారం నాకు రెండు పనులు తప్పవు. పొద్దున్నే నాన్నతో ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి చేపలు తేవడం, రాత్రిలోగా కాన్‌కోలే అనే ఆటలో ఆ వారం క్వెస్టులు, అంటే ఆట ఇచ్చే పనులు, పూర్తి చెయ్యడం. జపాన్‌లో సోమవారం తెల్లవారి ఐదింటికి వారం లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది, అంటే మనకి ఆదివారం అర్ధరాత్రి దాటాక ఒకటిన్నర. ఈ వారం ఆఫీసులో ఆడిట్ టెన్షన్, లాగిన్ అవడానికే కుదరలేదు. దాంతో పెద్ద క్వెస్టు అలాగే ఉండిపోయింది. శత్రువుల సరుకు ఓడల్ని ఇరవై ముంచాలి, వారంలోపు.

కాన్‌కోలే అంటే తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. పూర్తి పేరు కాంతాయ్ కలెక్షన్. కడోకావా, డీఎంఎం అనే జపాన్ కంపెనీలు కలిసి 2013 ఏప్రిల్ 23న మొదలుపెట్టిన బ్రౌజర్ ఆట, అంతా జపనీస్‌లోనే ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి జపాన్ యుద్ధనౌకలు ఇందులో అమ్మాయిలుగా కనిపిస్తాయి. వాళ్ళని కాన్‌మూసు అంటారు. ఆడేవాళ్ళం అడ్మిరల్. ఇంధనం, మందుగుండు, ఉక్కు, బాక్సైట్ కూడబెట్టుకుంటూ, దెబ్బతిన్నవాళ్ళని మరమ్మతుకి పంపుతూ, ఒక్కో దండులో ఆరుగురిని పెట్టి సముద్రం మీదికి పంపాలి. బాగా దెబ్బతిన్న ఓడని వెనక్కి పిలవకుండా ముందుకి పంపితే అది మునిగిపోవచ్చు. మునిగితే ఇక అంతే, మళ్ళీ లేపడం ఉండదు, ఆమెని ఎన్ని నెలలు పెంచామన్నది ఆటకి పట్టదు. అందుకే ఇది ఆడేవాళ్ళకి ఒక్కో ఓడ మీద అంత మమకారం ఉంటుంది.

నా దండుకి మొదటి నుంచీ ఫ్లాగ్‌షిప్, అంటే ముందు నిలబడే ఓడ, ర్యూజో. చిన్న విమానవాహక నౌక, అంటే క్యారియర్. ఆటలో పొట్టి పిల్ల, ఎర్ర చొక్కా, రెండు పిలకలు, ముందుకి పొడుచుకొచ్చిన టోపీ, చేతిలో పొడుగాటి కాగితపు చుట్ట. ఆ చుట్ట విప్పితే అదే రన్‌వే, దాని మీంచి మంత్రం వేసిన కాగితాలు ఎగిరి విమానాలవుతాయి. మాట్లాడేది ఒసాకా వైపు యాసలో, గలగలా, ఎవరికీ తగ్గకుండా. పరిచయం చేసుకునేటప్పుడే నా ఆకారం కాస్త తేడాగా ఉంటుంది గానీ నేను సరైన క్యారియర్‌నే అని చెప్పేసుకుంటుంది. నాకు ఆ ధీమా మొదటి రోజే నచ్చేసింది. 75వ లెవెల్‌కి చేరి రెండో రీమోడల్ అయిన రోజు ఆఫీసు బస్సులో ఫోన్ చూసుకుంటూ నవ్వుకున్నాను.

ఆ ఆకారం తేడాగా ఉండడానికి అసలు ఓడ కథే కారణం, అది చదివాక ఇంకా ఇష్టమైంది. 1922 నాటి వాషింగ్టన్ ఒప్పందం ప్రకారం ఒక్కో దేశం ఎన్ని టన్నుల విమానవాహక నౌకలు కట్టుకోవచ్చో లెక్క ఉండేది, కానీ పదివేల టన్నుల లోపువి ఆ లెక్కలోకి రావు. జపాన్ ఆ సందు చూసుకుని ఎనిమిది వేల టన్నుల చిన్న ఓడకి ప్లాన్ వేసింది. 1929 నవంబరులో యోకొహామాలో పని మొదలైంది. మరుసటి ఏడు లండన్ ఒప్పందం వచ్చి ఆ సందు మూసేసింది. ఇక చిన్న ఓడ కట్టి లాభం లేదని, సగం కట్టిన ఓడ మీదే విమానాల కోసం రెండో అంతస్తు వేసేశారు. చిన్న ఒళ్ళు, పైన మాత్రం బరువు. గాలివానకి ఒరిగిపోయే ఓడ అయింది, నీళ్ళలోకి దిగాక కూడా మళ్ళీ మళ్ళీ యార్డుకి తెచ్చి సరిచెయ్యాల్సి వచ్చింది. 1935 సెప్టెంబరులో తుపానులో చిక్కుకుని దెబ్బతింది, ఆ తర్వాత ముందు భాగాన్ని ఎత్తు చేశారు. మామూలుగా ఇలాంటి ఓడల మీద పక్కన కనిపించే గోపురం లాంటి కట్టడం దీనికి లేదు, నడిపే గది రన్‌వే ముందు అంచు కిందే ఉంటుంది. ఆ ఫోటో చూసి మళ్ళీ ఆ పిల్ల టోపీ చూస్తే నాకు ఓడ ముందు భాగమే కనిపిస్తుంది.

ఈ ఓడ నౌకాదళంలో చేరింది 1933 మే నెలలో. మా వైజాగ్ హార్బర్ తెరిచింది కూడా 1933లోనే. నాన్న వంజరం బేరం చేస్తుంటే నేను గట్టు మీద నిలబడి అటు డాల్ఫిన్స్ నోస్ వైపు చూస్తూ ఇదే అనుకుంటున్నాను. ఒక సరుకు ఓడ లోపలికి వస్తోంది, ముందు టగ్ బోటు. ఒకే ఏడు పుట్టినవాళ్ళిద్దరూ తొమ్మిదేళ్ళకి కలుసుకున్నారు, ఇలా కలుసుకున్నారు. 1942 ఏప్రిల్ 6న ర్యూజో మీంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి.

ఈ సంగతి ఇక్కడ చాలామందికి తెలుసు, బాంబు పడిందన్నంత వరకు. బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో జపాన్ వేసిన బాంబు ఒకటి పెట్టారు కూడా, స్కూల్ నుంచి తీసుకెళ్ళినప్పుడు అందరం దాని పక్కన నిలబడి చూసినవాళ్ళమే. కానీ ఏ ఓడ నుంచి వచ్చింది, ఆ ఓడ ఎక్కడ కట్టారు, తర్వాత ఏమైంది అని మాకు ఎవరూ చెప్పలేదు. నాకు తెలిసింది ఈ ఆట వల్లే. నా దండులో ముందు నిలబడే పిల్ల గురించి ఇంకా తెలుసుకుందామని చదువుతూ పోతుంటే మధ్యలో మా ఊరి పేరు వచ్చింది, వైజాగపటం అని పాత స్పెల్లింగులో. ఆ పేజీ అలాగే పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో.

అప్పటి పరిస్థితి కాస్త చెప్పుకోవాలి. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి పోయింది. మార్చి 23న అండమాన్ పోయింది. ఏప్రిల్ మొదట్లో రెండు జపాన్ దళాలు ఇటు వచ్చాయి. పెద్ద దళం నగుమో అడ్మిరల్‌ది, అకాగి, హిర్యూ, సోర్యూ లాంటి పెద్ద క్యారియర్లతో ఏప్రిల్ 5న కొలంబో మీద, 9న ట్రింకోమలీ మీద పడింది. చరిత్ర పుస్తకాలన్నీ దాని గురించే రాస్తాయి. రెండోది ఒజావా అడ్మిరల్ దళం, బంగాళాఖాతంలో సరుకు ఓడల వేటకి వచ్చినది. ఛోకాయ్ అనే పెద్ద క్రూయిజర్ మీద ఒజావా, వెంట కుమానో, సుజుయా, మికుమా, మొగామి అనే పెద్ద క్రూయిజర్లు, విమానాల కోసం ర్యూజో. మూడు గుంపులుగా విడిపోయి మన తూర్పు తీరం పొడుగునా కొద్దిరోజుల్లోనే వాణిజ్య ఓడల్ని ముంచేశారు. ఇరవై అని ఒకరు, ఇరవైమూడు అని ఒకరు, పుస్తకానికో లెక్క. బతికినవాళ్ళు పడవల్లో ఒడిశా తీరానికి కొట్టుకొచ్చారు. ఆ దాడుల భయంతో మద్రాసు నుంచి ప్రభుత్వ ఆఫీసుల్నే లోపలి ఊళ్ళకి తరలించారు.

ఇంటికొచ్చి చేపలు శుభ్రం చేసి అమ్మకి అప్పజెప్పాక మామ్మ దగ్గర కూర్చుని ఆట తెరిచాను. తొంభైకి దగ్గరపడింది మామ్మకి, కళ్ళు మాత్రం బాగానే కనిపిస్తాయి. వెనకాల నుంచి ఎప్పుడు చూసిందో.

"ఏటే, ఆ పిల్లెవరు? టోపీ భలేగుంది."

చెబుదామా వద్దా అని ఒక్క నిమిషం ఆలోచించాను. మామ్మ దగ్గర దాచే అలవాటు లేదు నాకు. "అమ్మాయి కాదు మామ్మా, ఓడ. నీ చిన్నప్పుడు మన ఊరి మీద బాంబులేసిన విమానాలు లేవూ, అవి ఈ ఓడ మీంచే వచ్చాయి" అన్నాను.

మామ్మ ఆ రోజు గురించి ఇంతకుముందు ముక్కలు ముక్కలుగా చెప్పింది గానీ మొదటి నుంచి చివరిదాకా చెప్పింది ఇవాళే. అప్పుడు వాళ్ళిల్లు వన్‌టౌన్‌లో, కురుపాం మార్కెట్ దగ్గర. వాళ్ళ నాన్న దర్జీ. మామ్మకి ఆరేళ్ళో ఏడేళ్ళో. ఎవరో విమానాలు విమానాలు అని అరిస్తే పిల్లలంతా చూడ్డానికి వీధిలోకి పరిగెత్తారట, అప్పటికి విమానం చూడ్డమే వింత. తర్వాత హార్బర్ వైపు పెద్ద చప్పుడు, గోడ మీది పటాలు కింద పడ్డాయి. వాళ్ళమ్మ వచ్చి జుట్టు పట్టుకుని ఇంట్లోకి లాగి మంచం కిందికి తోసేసింది. "చప్పుడుకి కాదే, అమ్మ జుట్టు లాగినందుకు ఏడిసాను" అంది మామ్మ.

ఆ సాయంత్రం నుంచే ఊరు ఖాళీ అవడం మొదలైంది. చనిపోయినవాళ్ళు కొద్దిమందే అని పుస్తకాల్లో ఉంటుంది, కానీ ఊళ్ళో ఎవరికి తెలుసు అది, రేపు మళ్ళీ వస్తారు, ఓడల్లో దిగుతారు, రంగంలో జరిగిందే ఇక్కడా జరుగుతుంది అని ఒకటే పుకార్లు. రంగం అంటే రంగూన్. మా వైపు ఇంటికొకరైనా అక్కడికి పనికి పోయినవాళ్ళు ఉండేవాళ్ళు, మామ్మ బాబాయి కూడా అక్కడే, అడవుల్లో పడి నడిచి ఇంటికొచ్చేసరికి వాళ్ళమ్మే ఆనవాలు పట్టలేదట. అందుకని భయం ఊరికే పుట్టింది కాదు. బళ్ళు ఎంతిస్తామన్నా దొరకలేదు. వాళ్ళ నాన్న కుట్టుమిషను పైభాగం విప్పి గోనెసంచిలో కట్టి నెత్తిన పెట్టుకున్నాడు, స్టాండు ఇంట్లోనే వదిలేశాడు. సింహాచలం దాకా నడిచి, అక్కడ ఓ రాత్రి పడుకుని, కొత్తవలస దగ్గర వాళ్ళమ్మగారి ఊరు చేరారు. వానలు పడ్డాకే తిరిగొచ్చారు. స్టాండు అక్కడే ఉంది, దాని మీద కోడి గుడ్లు పెట్టింది. ఇది చెప్పేటప్పుడు మామ్మ ముఖం చూడాలి, ఆ గుడ్ల లెక్క దగ్గర వాళ్ళన్నయ్యకీ తనకీ జరిగిన తగువుతో సహా చెప్పింది.

తర్వాత అడిగింది, "మరి ఆ ఓడేమైంది?"

"అదే ఏడు ఆగస్టులో మునిగిపోయింది మామ్మా. అమెరికా విమానాలు ముంచేశాయి."

"మంచిపనైంది" అంది వెంటనే. అని మళ్ళీ ఫోన్ దగ్గరికి లాక్కుని బొమ్మ పెద్దది చెయ్యమంది. బట్టలు చూసింది, కాగితం చుట్ట ఏమిటని అడిగింది, బూట్లు చూసింది. "మరి ఈ పిల్లని పెట్టుకుని నువ్వేటి సేస్తావు?"

"సముద్రం మీదికి పంపిస్తాను. శత్రువుల ఓడల్ని ముంచుతుంది."

"ఎవరి ఓడల్ని?"

ఆటలో శత్రువులకి దేశం లేదు. సముద్రం అడుగునుంచి లేచి వచ్చే దెయ్యాల్లాంటివి, నల్లటి కవచాలు, తెల్లటి ముఖాలు, వాటిని షింకాయ్‌సేకాన్ అంటారు. మామ్మకి దెయ్యం ఓడలని చెప్పాను.

"ఆ రోజు ముంచినవి దెయ్యం ఓడలు కావు కదే" అంది. అని పులుసు వాసన వస్తోంది, తింటే పడుకుంటానని లేచింది.

మధ్యాహ్నం అంతా ఈ మాటే నా బుర్రలో. ఆ క్వెస్టు పేరే సముద్ర వాణిజ్యం మీద దాడి అన్నట్టుంటుంది, ఇరవై సరుకు ఓడలు. ఒజావా దళం ముంచినవీ దాదాపు అన్నే. నేను వారం వారం ఇదే చేస్తున్నాను, 2-2 మ్యాపులో, చకచకా, టీవీ చూస్తూ. ఆటలో ఆ సరుకు ఓడలో మనుషులుండరు. 1942లో ఉన్నారు. అప్పటి బ్రిటిష్ వాణిజ్య ఓడల్లో భారతీయ నావికులు వేలమంది, బొగ్గు గదుల్లో, వంటగదుల్లో, డెక్కుల మీద. యుద్ధనౌకల్లో ఉన్నవాళ్ళకైతే ఎదురుకాల్పులకి ఫిరంగులైనా ఉంటాయి. వీళ్ళ దగ్గర ఏమున్నాయి? జనపనార, బియ్యం, తేయాకు.

నేను ఈ ఆటని తిట్టడానికి రాయడం లేదు. యుద్ధనౌకల్ని అమ్మాయిల్ని చేశారు కాబట్టి తప్పు అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. ఈ బొమ్మలు లేకపోతే ర్యూజో పేరు జపాన్‌లోనే ఎంతమందికి గుర్తుండేది? ఆటలో ఆ ఓడల మరణాలు చాలా జాగ్రత్తగా గుర్తుపెట్టుకుంటారు, ఎక్కడ మునిగింది, ఎవరితో కలిసి వెళ్ళింది, ఏ స్నేహితురాలు చూస్తుండగా పోయింది అని మాటల్లో, బొమ్మల్లో వస్తూనే ఉంటుంది. ర్యూజో 1942 ఆగస్టు 24న తూర్పు సాలమన్స్ యుద్ధంలో పోయింది. గ్వాడల్‌కెనాల్ దీవి మీదికి తన విమానాల్ని పంపించిన తర్వాత అమెరికా క్యారియర్ సరటోగా విమానాలు వచ్చి మీద పడ్డాయి, నూట ఇరవై మంది ఓడతో పోయారు. దాడికి వెళ్ళిన విమానాలు తిరిగొచ్చేసరికి దిగడానికి ఓడే లేదు. ఇది చదివినప్పుడు ఏడ్చాను, ఇప్పుడు రాస్తుంటే కూడా గొంతు పట్టేస్తోంది. నా పిల్ల కదా.

కానీ ఆ ఓడకి ఏం జరిగిందో అంత గుర్తుపెట్టుకున్నప్పుడు, ఆ ఓడ ఏం చేసిందో కూడా ఒక వాక్యం ఉండాలని నా అభిప్రాయం. నేను ఆడినంతలో ఆమె నోట మా ఊరి పేరు ఎప్పుడూ వినలేదు. ఆటలో మన వైపు సముద్రం ఉంది, నాలుగో మ్యాపు, కర్రీ సముద్రం అని పేరు పెట్టారు, లంకకి రిరాంకా అని పేరు. అక్కడికి నేను ర్యూజోని పంపించాను కూడా. నీలం నీళ్ళు, దెయ్యం ఓడలు, మధ్యలో తీరం లేదు. తీరమంటూ ఉంటే వన్‌టౌన్ ఉండాలి, వీధిలో విమానాల కోసం తలెత్తి చూసే పిల్లలుండాలి. పెద్దగా ఏం అడగడం లేదు నేను, పాత్ర పరిచయంలో బంగాళాఖాతం, విశాఖపట్నం, కాకినాడ అని మూడు పేర్లు. ఆమె మీద ఇష్టం దానివల్ల తగ్గదు, నాకు తగ్గలేదు.

తగ్గలేదు అని రాశాను గానీ అది అంత సులువుగా చెప్పగలిగింది కాదు. ఈ సంగతి తెలిసిన కొత్తలో కొన్నాళ్ళు ఆమెని ఫ్లాగ్‌షిప్ నుంచి తీసేసి వేరే క్యారియర్‌ని పెట్టాను. లాగిన్ అవగానే ఆ గలగల వినిపించకపోతే ఏదో వెలితిగా ఉండేది. తర్వాత తిరిగి పెట్టుకున్నాను. ఓడకి మనసు లేదు, ఎక్కడికి వెళ్ళాలో టోక్యోలో నిర్ణయించారు, బాంబు వదిలింది మనుషులు. ఆ పిల్ల బొమ్మ గీసింది డెబ్భై ఏళ్ళ తర్వాత, ఇంకెవరో, ప్రేమతో. ఇవన్నీ నిజమే, అయినా మా మామ్మ నాన్న కుట్టుమిషను నెత్తిన పెట్టుకుని సింహాచలం దాకా నడిచింది కూడా నిజమే. రెండిట్లో ఒకదాన్ని వదిలెయ్యమంటే నేను వదలను. నన్ను అడిగితే ఒక పాత్రని ఇష్టపడటమంటే ఆమె గురించి మొత్తం తెలుసుకోవడమే, మనకి నొప్పి కలిగించేదాంతో సహా.

సాయంత్రం కరెంటు పోయింది, మేడ మీద బట్టలు తీసుకొచ్చి మడతపెట్టాను, రేపటికి ఆఫీసు బ్యాగు సర్దాను. తమ్ముడు ఫోన్ చేసి కుర్సురా సబ్‌మెరీన్ మ్యూజియం దగ్గర పార్కింగ్ లేక తిరుగుతున్నామని గోల. ఆదివారం బీచ్ రోడ్డు సంగతి తెలిసి కూడా కారులో వెళ్ళాడు.

రాత్రి పదిన్నరకి మళ్ళీ కూర్చున్నాను. ఈసారి 2-2కి వెళ్ళే ముందు దండు మార్చాను. ఆట ఆరుగురినే పెట్టుకోనిస్తుంది, ఒజావా దగ్గర ఉన్న పెద్ద క్రూయిజర్లు ఐదు, ర్యూజోతో ఆరు. సరిగ్గా సరిపోయారు. ర్యూజో, ఛోకాయ్, కుమానో, సుజుయా, మికుమా, మొగామి. ఆరుగురూ నా దగ్గర ఉన్నారు, ఎప్పుడూ ఇలా ఒక వరుసలో పెట్టలేదు. దండు పేరు మనం మార్చుకోవచ్చు, బంగాళాఖాతం అని పెట్టాను. ఆ వరుస చూస్తుంటే ఇంకోటి తోచింది, ఈ ఆరు ఓడల్లో 1944 ఆఖరికి ఒక్కటి కూడా మిగల్లేదు. మికుమా అయితే మా ఊరి మీద బాంబులు పడిన రెండు నెలలకే, మిడ్వే దగ్గర.

ఆ దండుతో క్వెస్టుకి వెళ్ళలేదు. పేరు పెట్టి అలాగే ఉంచేశాను, మామ్మకి రేపు చూపించాలి. క్వెస్టు వేరే వాళ్ళతో చేశాను, ర్యూజోని రేవులోనే ఉంచి, పన్నెండు దాటాక ఇరవయ్యో ఓడ లెక్కలో పడింది. బాక్సైట్ బాగానే ఖర్చయింది, ఇంకో వారం జాగ్రత్తగా వాడుకోవాలి.

మామ్మ పడుకునే ముందు ఒక మాట చెప్పింది. కాకినాడలో ఆమె చిన్నాన్న కూతురు ఉంది, ఆమెకీ ఆ రోజు గుర్తుండాలి, వాళ్ళిల్లు అప్పట్లో జగన్నాథపురంలో రేవు దగ్గర ఉండేదట. వైజాగ్ గురించి రాసినవాళ్ళు కాకినాడని ఎప్పుడూ ఒక్క ముక్కలో తేల్చేస్తారు, నాకు అది ఎప్పటి నుంచో కొరతే. ఆవిడకి చెవులు సరిగ్గా వినపడవు, ఫోన్‌లో అయ్యే పని కాదు. వచ్చే శనివారం రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌కి సామర్లకోట దాకా టికెట్లు దొరుకుతాయేమో చూడాలి, మామ్మ కూడా వస్తానంటోంది.